నడుమెత్తు షట్టర్

పొద్దున పదింటికి గుండయ్య దుకాణం షట్టర్ నడుమెత్తుకు లేచి ఆగిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద పోచంపల్లి చీరల దుకాణం అది.

గుండయ్య రెండు చేతులతో ఎత్తాడు. కదల్లేదు. పైన చుట్టలో ఏదో టక్కుమంది.

"జర గ్రీజు పెట్టాలె," అంటూ ఆయన వంగి లోపలికి దూరాడు. వెనకే సేల్స్‌గర్ల్ రెబెక్క కూడా వంగింది.

"అమ్మా, ఆగు! దాని కిందికి వెళ్లకు!"

రెబెక్క ఉలిక్కిపడి వెనక్కి తగ్గింది.

ఫుట్‌పాత్ మీద ఒక పెద్దాయన. నలిగిన తెల్లచొక్కా, చేతిలో గుడ్డ సంచి. చూపు మాత్రం షట్టర్ చుట్ట మీదే ఉంది.

గుండయ్య బయటికి వచ్చాడు. "ఏంది పెద్దాయనా? ఏం గావాలె?"

"అది గ్రీజుతో పోయే చప్పుడు కాదండీ. స్ప్రింగ్ తెగడానికొచ్చింది. ఎత్తిన చోట షట్టర్ నిలబడకపోతే ఇక మనం ముట్టుకోకూడదు. పని తెలిసినవాణ్ణి పిలిపించండి."

"పని తెలిసినోడంటే నువ్వేనా?"

ఆయన రెబెక్కను ఇంకో అడుగు వెనక్కి జరగమని సైగ చేశాడు.

"గిట్ల భయపెట్టి పని దొరకబట్టుకుంటరు," అన్నాడు గుండయ్య రెబెక్కతో, ఆయనకు వినబడేలాగే.

మర్నాడు గ్రీజు పెట్టారు. షట్టర్ పైదాకా లేచింది. కానీ ఎవరూ ముట్టుకోకుండానే జానెడు కిందికి జారింది.

గుండయ్య ఒక వెదురుకర్ర తెచ్చి ఊతం పెట్టాడు.

"కర్రతో ఆగేది కాదండీ." పెద్దాయన మళ్లీ అక్కడే ఉన్నాడు. "ఇంతకాలం ఈ బరువంతా మోసింది ఆ స్ప్రింగే. అది పోయిన రోజున..."



"ఒక్కసారి మెకానిక్‌కు చూపిద్దాం సార్," అంది రెబెక్క మెల్లగా.

"పెండ్లిళ్ల గిరాకీల ఒక పూట దుకాణం బంద్ పెడ్తమా? ముహూర్తాలు అయిపోనీ."

మూడోరోజు లోపలికి రాబోతున్న ఒకావిడను పెద్దాయన ఆపాడు. ఆమె షట్టర్ వంక భయంగా చూసి పక్క దుకాణానికి వెళ్లిపోయింది.

గుండయ్యకు ఒళ్లు మండింది.

"ఇంకోపారి నా దుకాణం ముందట కనబడితే పోలీసులను పిలుస్త! నడువ్ ఈడికెల్లి!"

పెద్దాయన చేతులు జోడించాడు. "నన్ను ఎన్నయినా అనండి. ఆ అమ్మాయిని మాత్రం దాని కింద నుంచి పంపకండి."

ఆ తర్వాత ఆయన ఫుట్‌పాత్ ఎక్కలేదు.

రోడ్డు మధ్యలో మెట్రో పిల్లర్ కింద నిలబడేవాడు. సరిగ్గా దుకాణం తీసే వేళకు వచ్చేవాడు.

"మనం లోపలికి పోయేదాంక ఆయన కదలడు సార్," అంది రెబెక్క.

గుండయ్య పిల్లర్ వైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

"పని లేనోడు," అన్నాడు.

శనివారం షట్టర్ ఒక పక్కకు ఒరిగి బిగుసుకుంది. గుండయ్య బలమంతా పెట్టి ఛాతీ ఎత్తుకు లేపి భుజం ఆనించాడు.

"నేను పట్టుకుంట. నువ్వు దూరిపోయి లోపలున్న స్టూల్ తీస్కరా, ఊతం పెడ్దం."

రెబెక్క ఒక్క క్షణం తటపటాయించింది. వంగింది.

పిల్లర్ కింద పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి అరుస్తున్నాడు.

పైన మెట్రో వెళ్తోంది. కింద బస్సుల హారన్లు. ఆయన నోరు తెరుచుకోవడం కనబడిందే కానీ మాట చేరలేదు.

చుట్టలో తుపాకి పేలినట్టయింది.

గుండయ్య భుజం మీది బరువు ఒక్కసారిగా పదింతలైంది. జారిపోయింది.

ఆయన నేలమీద పడి తల తిప్పి చూసేసరికి షట్టర్ కింద రెబెక్క నీలం చున్నీ కనబడింది.

అరుపు కూడా లేదు.

బండ్ల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చి షట్టర్ కింద మొదట చేతులు పెట్టింది పెద్దాయనే.

"ఇద్దరు అటు పట్టండి! ఆమెను లాగొద్దు! ముందు ఎత్తండి... ఎత్తండి! ఏదైనా చెక్క తెచ్చి కింద పెట్టండి!"

జనం ఆయన చెప్పినట్టే చేశారు. ఆయన తడబడలేదు. ఏది ముందో, ఏది తర్వాతో ఆయన చేతులకు తెలిసినట్టుంది.

అంబులెన్సు వచ్చేదాకా ఆమె తల కదలకుండా రెండు అరచేతులతో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఎటు వెళ్లాడో ఎవరూ చూడలేదు.

ప్రాణానికి భయం లేదన్నారు దవాఖానలో. నడుస్తుందో లేదో చెప్పలేమన్నారు.

తుర్కయంజాల్ నుంచి రెబెక్క తల్లి జోస్నా వచ్చింది. ఏడవలేదు. గుండయ్యను ఒక్కటే అడిగింది.

"గది ఖరాబయిందని మీకు ముందుగాల తెల్వదా సార్?"



నాలుగోరోజు ఎల్బీ నగర్ నుంచి మెకానిక్ కొమరయ్య వచ్చాడు. చుట్ట విప్పి, రెండు ముక్కలైన స్ప్రింగును బయటికి తీశాడు.

"శాన దినాల సంది మొత్తుకుంటుండాలె సేటు ఇది. ఎవ్వలు చెప్పలేదా?"

"ఒక పెద్దాయన చెప్పిండు. నేనే తరిమేసిన." గుండయ్య రోడ్డు మధ్యలోని పిల్లర్ వైపు చూశాడు. "తెల్లచొక్కా, ఆంధ్రా మాట. పొద్దుగాల షట్టర్లు తీసే యాళ్లకు గీ రోడ్డెంబడి తిరుగుతుంటడు."

కొమరయ్య చెయ్యి ఆగింది. "సాంబమూర్తి సారు."

"నీకు ఎర్కనా? యాడుంటడు? కాళ్లు మొక్కాలె నేను. మీ లైన్ల పాత మెకానికా?"

"మెకానిక్ కాదు సేటు," అన్నాడు కొమరయ్య స్ప్రింగు ముక్కలను నేలమీద పెడుతూ, "కర్మన్‌ఘాట్‌ల పుస్తకాల షాపు ఉండె ఆయనకు, స్ప్రింగ్ పోయిందని చెప్పనీకి నేను పోతే నన్ను మెట్లు గూడ ఎక్కనియ్యలే, ఆ వారమే షట్టర్ కింద పడి పానం పోయింది ఆయన ఒక్కగానొక్క బిడ్డకు."