పాత లైబ్రరీ పీకేసిన రోజు

దగ్గరికి జరగండి, ఇంకాస్త దగ్గరికి. నా గొంతు ఈమధ్య గది దాటడం లేదు.

ఇది నా మనవరాలి గదిలో, నా కళ్ళ ముందు జరిగింది.

మా పిల్ల ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. అంటే కంప్యూటర్ని నిద్రలేపి పని చేయించేది. కొట్లో కొన్నది కాదు, సరదా కొద్దీ సొంతంగా రాసుకున్నది. కావలసినవాళ్ళు ఊరికే తీసుకోవచ్చని నెట్‌లో పెట్టింది.

తీసుకున్నవాళ్ళు తీసుకున్నారేమో గానీ, వాడుతున్నామని ఒక్కరూ చెప్పలేదు.

"ఎవరికోసమే ఈ చాకిరీ?" అని వాళ్ళమ్మ, అంటే నా కూతురు, గుమ్మంలో నిలబడి దెప్పేది.

"కొత్త లైబ్రరీ కట్టనీ అమ్మా. అప్పటికీ ఎవరూ వాడకపోతే మూసేస్తా. ఒట్టు."

లైబ్రరీ అంటే పుస్తకాలుండేది కాదు. తెర మీద అక్షరం పడాలన్నా, ఫైలు తెరుచుకోవాలన్నా ప్రతి ప్రోగ్రామూ దాన్నే అడగాలి. ఇంటికి వంటిల్లు లాంటిదన్నమాట. ఎక్కడో వండింది తెచ్చుకోకుండా, సోర్స్ నుంచి, అంటే రాసిన మొదటి వరుస నుంచి తామే కట్టుకోవాలట. తెర నిండా వరుసలు వానలా జారేవి. మధ్యలో తప్పుందని ఒక్క ఎర్ర వరుస పడిందా, కథ మళ్ళీ మొదటికి.

ఈ పనిలో దానికి ఒక స్నేహితుడు తోడు. వెదురుబద్దలా ఉంటాడని అందరూ బక్కోడనేవారు.

ఇంకొకాయన ఉండేవాడు. మొహం ఎవరూ చూడలేదు. వాళ్ళు మాట్లాడుకునే గ్రూప్ కాల్‌లో గొంతు మాత్రం వినబడేది. పలకరింపు లేదు, మెప్పు లేదు, రావడమే గీరుతూ వచ్చేవాడు. తప్పులు పట్టడానికే వస్తాడనుకుని పిల్లలు ఆయనకి ముళ్ళకంప అని పేరు పెట్టారు.

"ఏమ్మాయ్, నిన్న నువ్వేదో కెలికావు, కీబోర్డు తడబడుతోంది. కళ్ళు పెట్టి చూశావా అసలు?"

"ముందు నమస్కారం అనడం నేర్చుకోండి."

"నమస్కారం పెడితే కీబోర్డు బాగవుతుందా?"

పిల్ల పళ్ళు నూరుతూ నావైపు తిరిగేది. "విన్నావా అమ్మమ్మా?"

"విన్నానే. ఆయన నాలుకకి గరుకుకాగితం చుట్టారేమో."

ఒకరోజు కొత్త లైబ్రరీ ఎర్ర వరుసన్నది లేకుండా చివరిదాకా కట్టుకుంది. పిల్ల కుర్చీలోంచి లేచి గంతేసింది.

"ఇక పాతది పీకేద్దాం," అన్నాడు బక్కోడు.

"వద్దు," అంది కాల్‌లోంచి ముళ్ళకంప గొంతు. "పాతదాని మీద కట్టిన ప్రోగ్రాములు కొత్తదాని మీద నడవవు. రెండూ పక్కపక్కన ఉంచండి."

"రెండిటికీ ఎవరు చాకిరీ చేస్తారండీ? మా ప్రోగ్రాములన్నీ కొత్తదానికి మార్చేసుకున్నాం," అంది పిల్ల.

"మీవి మార్చుకున్నారు. మరి జనానివో?"

పిల్ల చెయ్యి మీటల మీదే ఆగిపోయింది.

"ఏ జనం?"

"వాడుకునే జనం, ఇంకే జనం! పొద్దున్నే మెషిన్ ఆన్ చేసేసరికి నల్లతెర వస్తే నిన్ను తిట్టిపోస్తారు."

"చూశావా వెటకారం!" అన్నాడు బక్కోడు. "ఎవరూ వాడరని తెలిసే, పుండు మీద వేలు పెట్టి తిప్పుతున్నాడు."

పిల్ల మొహం కందిపోయింది. "మీ ఎత్తిపొడుపులు చాలు. మిమ్మల్ని ఇక్కడికి ఎవరు పిలిచారు? దయచెయ్యండి."

"ఓహో, ఇంత పొగరా! రేపు..."

ఆ మాట పూర్తి కాలేదు. ఆయన్ని గ్రూప్‌లోంచి తీసేసి, మళ్ళీ రాకుండా అడ్డం పెట్టింది. పాత లైబ్రరీని పీకేసింది. కొత్తది ఎక్కడెక్కడి మెషిన్లలోకీ దానంతటదే వెళ్ళేలా వదిలింది.

"పీడ విరగడైంది," అన్నాడు బక్కోడు.

ఆ తరవాత తిట్టినవాళ్ళు లేరు, పొగిడినవాళ్ళూ లేరు. కొన్నాళ్ళు చూసి పిల్ల, ఒట్టు వేసినట్టే, మూసేయడానికి కూర్చుంది.

అప్పుడొక ఫోను వచ్చింది. ఎవరో ఆడమనిషి. పిల్ల స్పీకర్ పెట్టింది.

"మీ సిస్టమ్ మొదలయ్యేటప్పుడు తెర మీద ఈ నంబరు పడేదమ్మా, అప్పుడు రాసిపెట్టుకున్నది చూసి చేస్తున్నా. మా మామగారికి వాచీలు బాగుచేసే కొట్టుంది. మీ సిస్టమ్ మీద ఆయనే ఏదో రాసుకున్నారు. వాచీని మైకు దగ్గర పెడితే, టిక్కుటిక్కు విని ఎంత వెనకబడుతోందో చెప్పేసేది. ఒకరోజు పొద్దున నల్లతెర వచ్చింది. ఇక లేవలేదు."

"అప్పుడే ఫోన్ చెయ్యొచ్చు కదండీ!"

"'గెంటేసిన గుమ్మం మళ్ళీ తొక్కను' అన్నారు. పాతది తీయొద్దని మొత్తుకున్నా మీరు వినలేదట."

పిల్ల కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. "మెషిన్ అలాగే ఉంచండి. పాత లైబ్రరీ మళ్ళీ కట్టి పంపిస్తాను."

"ఇంకెక్కడి మెషినమ్మా, పాత సామాన్లవాడికి వేసేశారు. చూపు ఆనడం లేదు, ఉత్త చేతులతో వాచీల పని సాగదు. కొట్టు మూసేశారు. అయినా నేను ఫోన్ చేసింది అందుకు కాదు."

"మరి?"

"ఆయన రోజూ ఒకటే గొణుగుడు. 'నేనంటే ఇంట్లో కూర్చున్నాను, మిగతా జనమంతా ఏం చేస్తున్నారో పాపం' అని. వాళ్ళ మెషిన్లు బాగయ్యాయని మీరొక్క మాట చెబితే ఆయన మనసు కుదుటపడుతుంది. బాగయ్యాయా అమ్మా?"

పిల్ల నావైపు తిరిగింది.

గుర్తుపెట్టుకోండి, మీవాళ్ళకీ చెప్పండి: ఆ మిగతా జనమన్నది ఎక్కడా లేదు, మా పిల్ల అన్నాళ్ళూ ఎదురుచూసిన జనమంతా ఆయనొక్కడే.