పులి మామయ్య ఎంచిన కాలం

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ ఫ్యాను చప్పుడులో నా గొంతు మీదాకా రాదు. మధ్యలో ఎవరూ లేవకూడదు, ముందే చెబుతున్నా.

"అమ్మా నువ్వూ అడవికి ఎండాకాలం వెళ్లండి నాన్నా! గడ్డంతా ఎండిపోయి, నీళ్లగుంటల దగ్గర జంతువులన్నీ ఎదురుగా కనపడతాయట," అంది కూతురు.

పులి మామయ్య చేతిలో కత్తెర ఆగింది. కుర్చీలో సగం క్షవరంతో కూర్చున్న మనిషి కూడా చెవి ఇటు పెట్టాడు.

"ఎండాకాలమా? మీ అమ్మకి ఎండ పడదే. తలనొప్పి వచ్చిందంటే మనిషి మనిషి కాదు."

"పోనీ, చలికాలం. పులులు ఎండ కాగడానికి దారి మీదికే వచ్చి పడుకుంటాయట."

"దారి మీదికే?" గుటక వేశాడు మామయ్య. "అబ్బే, చలికి మీ అమ్మ మోకాళ్లు పట్టేస్తాయి."

"మరి ఏ కాలం మంచిదో నువ్వే చెప్పు. ఖర్చు మాది. పెళ్లయిన దగ్గర్నుంచీ నీ పులి కథ వింటూనే ఉంది అమ్మ. ఆ అడవేదో ఒక్కసారి చూపించవా?"

"ఆలోచించి చెబుతాలే," అని కత్తెర మళ్లీ ఆడించాడు. పాపం, కుర్చీలో మనిషికి ఒక చెవి వెనక జుట్టు కాస్త ఎక్కువే పోయింది.

ఆ వీధి మలుపులో సెలూన్ ఆయనది. కత్తెర ఆడినంతసేపూ నోరూ ఆడేది. వయసులో ఉండగా స్నేహితులతో లారీలో ఆ అడవికి వెళ్లాడట, పులి ఎదురుపడిందట, ఈయన కళ్లలో కళ్లు పెట్టి చూస్తే అదే తలొంచుకుని పోయిందట! అలా పులి మామయ్య అయ్యాడు. నిజం నేను చెబుతా వినండి. ఆ రోజు పులి గాండ్రించగానే లారీలో పరదా కిందికి దూరాడు మహానుభావుడు. ఆయన కళ్లారా చూసింది పరదాకున్న చిరుగుల్ని.

నవ్వకండర్రా. ఆయన బాధ ఆయనది. వచ్చిన సంబంధాలన్నీ కాదని, "పులికి బెదరని మనిషి" అని ఆవిడ ఈయన్ని చేసుకుంది. ఇప్పుడు అడవిలో ఈయన కాళ్లు వణకడం ఆవిడ చూసిందంటే, ఇన్నేళ్ల కాపురం ఏమైపోవాలి?

మర్నాడు గడ్డానికొచ్చిన బస్సు డ్రైవరు ఆయన్ని ఒడ్డున పడేశాడు.

"ఎప్పుడైనా వెళ్లు మామా, వానాకాలం మాత్రం వద్దు. వానలు తగ్గేదాకా గేటు తియ్యరు. మా బస్సు ఆ గేటు ముందు నుంచే పోతుంది, రోజూ చూస్తుంటాగా."

"అస్సలు తియ్యరా?"

"చీమని కూడా పోనివ్వరు."

మామయ్యకి ప్రాణం లేచొచ్చింది. డ్రైవరుకి సబ్బు నురగ రెండోసారి పూసి మరీ నున్నగా గీశాడు. వెనక్కి తిరిగేసరికి రోజూ ఆవిడ తెచ్చిపెట్టే అన్నం క్యారియర్ అప్పటికే బెంచీ మీదికి వచ్చి ఉంది. నాలుగు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెడుతూనే, "వానాకాలం వెళ్దామే!" అన్నాడు.

"వానల్లోనా? తడిసిపోమూ?"

"అడవంటే వానల్లోనే చూడాలి. పచ్చగా, కళకళలాడుతూ... మూడు రోజులు అక్కడే గది తీసుకుని ఉందాం."

"చూసొచ్చినవారు, మీకు తెలియనిదా!" అంది ఆవిడ.

వానలు పడ్డాయి. బయల్దేరే రోజు పొద్దున్నే మామయ్య గొడుగు పట్టుకుని గుమ్మంలో చిందులు తొక్కుతున్నాడు.

"మూడు రోజులకి ఇంత చిన్న సంచా?"

"అడవిలో నా చీరలెవరు చూస్తారండీ?"

"ఇంకా వంటింట్లో ఏం పని? బస్సు పోతుంది!"

"వస్తున్నా వస్తున్నా," అంటూ ఆవిడ ఏదో గిన్నెలో చెంబెడు నీళ్లు పోసి, మూత పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

గేటు ముందు బస్సు దిగారు. ఇంత లావు తాళం! మామయ్య లోపల పొంగిపోతూ పైకి నిప్పులు కక్కాడు.

"ఏమయ్యా వాచ్‌మన్! ఇంత దూరం వస్తే మూసేస్తారా? నేనెవరనుకున్నావు? పులినే నిలబెట్టినవాణ్ణి! తియ్యి, నడిచే పోతాను!"

వాచ్‌మన్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "అంత సరదాగా ఉంటే రండి పెద్దాయనా. గస్తీకి పోతున్నా, వెనకవైపు కాలిబాట ఉంది. పొద్దున్నే పులి అడుగులు కూడా పడ్డాయి, చూపిస్తాను."

మామయ్య రెండడుగులు వెనక్కి వేసి ఆవిడ పక్కకి చేరాడు.

గబుక్కున ఆవిడ ఆయన చెయ్యి పట్టేసుకుంది. "వద్దండీ, మీకు దణ్ణం పెడతాను! నాకు భయం. ఇంటికి పోదాం."

"ఛ, పిరికిదానా!" అన్నాడు మామయ్య, ఊపిరి పీల్చుకుని. "చూశావుగా బాబూ, ఆడమనిషి బెదిరింది. లేకపోతేనా..."

తిరుగు బస్సులో దారి పొడుగునా ఆవిడ పిరికితనం గురించే చెప్పాడు. ఆవిడ కిటికీలోంచి వాన చూస్తూ ఊఁ కొట్టింది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. "ఇప్పుడేం వండుతావులే," అన్నాడు.

"కాళ్లు కడుక్కుని రండి, ఎంతసేపు!"

నిజంగానే ఎంతోసేపు పట్టలేదు. ఎండు చిక్కుడు గింజలు వెన్నలా ఉడికాయి. రెండోసారి వడ్డించుకుంటూ, "ఒక్క పది అడుగులు వేయనిచ్చి ఉంటే ఆ పులి సంగతి తేల్చేవాణ్ణి!" అన్నాడు.

"మీరు తేల్చేవారే," అంది ఆవిడ.

అదర్రా సంగతి. రేపు మీరూ ఎవరికైనా ఈ కథ చెబుతారు కదా, పులినీ పరదానీ మరిచిపోయినా పర్వాలేదు, ఈ ఒక్క ముక్క మాత్రం గుర్తుపెట్టుకుని చెప్పండి.

ఆ రాత్రి వంటకి గింజలు ఆవిడ పొద్దున్నే నానబోసి వెళ్లింది.