రాసింది కిషన్

“కామెంట్లు తీసేస్తే నేను గూడ పోత సేట్,” అన్నాడు కిషన్.

మిర్యాలగూడ రైస్ మిల్లు కాటా గదికి కంప్యూటర్ వచ్చి ఏడాదైంది. వడ్ల బండి కాటా ఎక్కితే తూకం చీటీ కొట్టే ప్రోగ్రాం కిషన్ రాసిందే. దాన్ని బుక్కుగా అచ్చు తీస్తే పెద్ద కట్ట అయింది. అందులో సగం కామెంట్లే, అంటే లైను లైనుకూ పక్కన రాసుకున్న వివరాలే.

మిల్లు యజమాని బిక్షపతి సేటుకు ఆ కట్ట చూస్తేనే మండింది.

“మిషన్ సదవని ముచ్చట్లకు గిన్ని కాయితాలా? ప్రోగ్రాం ఉంచి కత తీసెయ్‌రా.”

“మిషన్ కోసం కాదు సేట్, మనుషుల కోసం. ఏ లైను ఎందుకు పెట్టిన్నో రాసుకోకుంటే రేపు నాకే సమజ్ కాదు.”

“నీకే సమజ్ కానిది రాసుడెందుకు?” అన్నాడు గుమస్తా ఉప్పలయ్య. సేటు పగలబడి నవ్వాడు.

కిషన్ నవ్వలేదు. అతనికి సూర్యాపేట గుర్తొచ్చింది.

అక్కడి కంప్యూటర్ సెంటర్‌లో ఎరువుల దుకాణాల కోసం ఒక ప్రోగ్రాం రాశాడు. తన పేరు అందులో కామెంట్లలోనే ఉండేది. ఓనరు కామెంట్లన్నీ చెరిపేసి ఊరూరా అమ్ముకున్నాడు. కొన్నాళ్లకు కోదాడలో ఒక దుకాణంలో అదే ప్రోగ్రాం కనిపించింది. కిషన్ ఆత్రంగా కీబోర్డు మీద చెయ్యి వేశాడు.

“ముట్టుకోకు బాబూ! హైదరాబాద్ ఇంజినీరు గారు చేసింది. నీకేం తెలుస్తుంది?” అన్నాడు షావుకారు.

తండాలో పుట్టి పదో తరగతి తప్పినవాడి మాట ఎవడు నమ్ముతాడు? తనది అని చూపించడానికి ఒక్క అక్షరం మిగల్లేదు. చెయ్యి తీసేసి బస్సెక్కాడు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాడు. ముందు మాట, దాని కింద లైను. రెండూ ఒకే ఫైల్లో. ఒక కమాండ్ కొడితే మిషన్‌కు కావాల్సింది విడిపోతుంది. ఇంకొకటి కొడితే మనిషి చదివే బుక్కు వస్తుంది. ఇంగ్లీషు రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగే రాసేవాడు. లైను ఏం చేస్తుందో ఉన్నదున్నట్టు. ప్రతి కామెంటు కింద ‘రాసింది కిషన్’ అని, పక్కన తేదీ.

సేటుకు రాత అలవాటు లేదు. కుర్చీ వెనక నిలబడి “ఈ లెక్క గిట్ల పెట్టు, ఆ లెక్క గట్ల మార్చు” అని నోటితో చెప్పి పోయేవాడు. కిషన్ మార్చేవాడు. మార్చిన దాని మీద కామెంటు రాసేవాడు.

ఇంట్లో భార్య జమున కూడా దెప్పేది.

“మిషన్ సదవదంటవ్. సేటు సదవడంటవ్. ఇగ ఎవలి కోసమయ్యా రాసుడు? నాకా? నాకు సదువే రాదు.”

“ఎన్కకు వచ్చేటోడు సదువుతడే.”

“వచ్చినంక చెప్పు, చాయ్ పెడ్త.”

ఆ ఏడు వడ్లు బాగా వచ్చాయి. మిల్లు గేటు ముందు నిడమనూరు రైతులతో రోజూ లొల్లే. సీజన్లో అది మామూలే. కిషన్ తల ఎత్తి చూడలేదు. అతని ప్రాణమంతా బుక్కు మీద ఉంది. సేటు ఒక్క మాటంటే కట్టలో సగం పొయ్యిలోకి పోతుంది.

ఒక సాయంత్రం సేటు నల్లగొండ పోయి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. ఉప్పలయ్యను చాయ్ తెమ్మని బయటికి పంపి, కిషన్ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎన్నడూ కూర్చోని మనిషి.

“కిషన్, బాగ ఆలోచన చేసిన. నువ్వన్నదే కరెక్టు. ఒక్క కామెంటు గూడ తియ్యకు. ఉన్నదున్నట్టు బుక్కు కొట్టించు. మంచి బైండింగ్ చేయించు.”

కిషన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“మొదటి పేజీల మీ పేరు పెడ్త సేట్.”

“నా పేరెందుకురా? నేనేం రాసిన? రాసినోడివి నువ్వు. నీ పేరే ఉండాలె.” సేటు అతని భుజం మీద చెయ్యి వేశాడు. “సూర్యాపేటల నిన్ను ముంచిన్రంటివి గద? అందుకే చెప్తున్న. పేజీ పేజీకి సంతకం గూడ పెట్టు. రేపు ఎవడన్న వచ్చి నాది అంటే?”

కిషన్ కళ్లు తడిశాయి. ఇన్నేళ్లకు ఒక్క మనిషికి తన బాధ అర్థమైంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం కూడా మానేసి సంతకాలు పెట్టాడు. వేళ్లు నొప్పి పుట్టాయి. ఎర్ర అట్ట బైండింగ్ వేయించి, సేటుకు ఇచ్చే ముందు ఇంటికి తీసుకుపోయాడు. జమున చీర కొంగుతో చేతులు తుడుచుకుని అట్టను తడిమింది.

“నీ పేరేడుంది?”

చూపించాడు.

“మరి గీడ?”

“గీడ గూడ నాదే. ప్రతి పేజీల నేనే.”

“ఇగ ఎవడూ తుడిపెయ్యడు గద?”

“ఎవని తరం?” అన్నాడు కిషన్.

ఆ తర్వాతి వారమే, వెనక వచ్చేవాడు రానే వచ్చాడు.

బుక్కు ముందు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగును కూడబలుక్కుంటూ, లైను లైనుకూ వేలు పెట్టుకుంటూ, తీరిగ్గా చదివాడు. ఎదురుగా కిషన్ నిలబడి ఉన్నాడు. తన కామెంట్లను ఇంత శ్రద్ధగా చదివే మనిషిని అతను చూడటం అదే మొదటిసారి.

ఒక పేజీ దగ్గర ఆ వేలు ఆగిపోయింది. “క్వింటాలుకు రెండు కిలోలు చీటీలో కనబడకుండా కోసే లైను ఇది, రాసింది కిషన్” అని గట్టిగా చదివి, టేబుల్ మీది టోపీ పక్కకు జరిపి ఎస్సై అడిగాడు, “గీ సంతకం నీదేనారా?”