పగిలిన ఇసుర్రాయి

నంద్యాల కాలేజీ పిల్లలు బస్సు దిగేసరికే రామసుబ్బమ్మ అక్కడ నేల వంక చూస్తూ తిరుగుతోంది.

ఈ ఎండాకాలం శ్రీశైలం నీళ్లు ఎన్నడూ లేనంత వెనక్కి పోయాయి. పాములపాడు అవతల ఎప్పుడో మునిగిన పల్లె బయటపడింది. కొంగలు, ఒండ్రుమట్టి, పాత గోడలు, అన్నీ చూసి రాసుకోవాలని పిల్లలు వచ్చారు. రామసుబ్బమ్మ ఆళ్లగడ్డ నుంచి మొదటి బస్సుకే వచ్చింది. ఆ మునిగిన పల్లే ఆమె కాపురానికొచ్చిన ఊరు.

బాలస్వామి సారు ఆమెను పిల్లల దగ్గరికి పిలిచాడు. ఇంకేముంది, నోరు తెరిస్తే ఆపేదెవరు?

"ఇది జొన్నల పాతర. ఆ మొండిగోడ మా వంటిల్లు. మా అత్త ఆడ కూచోనే నన్ను తిడతాండె. కూచున్న చోటి నుంచి లేస్తే ఒట్టు!"

పిల్లలు పడీపడీ నవ్వారు.

"ఏం ఎతుకుతాండావవ్వా?" అంది మంజుల.

"ఇసుర్రాయమ్మా. పగిలింది, సగం చెక్క. ఊరి బయట, కంపచెట్లు ఉన్న దిక్కు. ఇప్పుడు చెట్లూ లేవు, దిక్కూ తెలీడంలా."

"మీ ఇంట్లో మిక్సీ లేదా?" అంది సాయి ప్రియ.

"ఉందిలేమ్మే, ఎకసెక్కాలు! మీ కండ్లు మంచియి. కనపడితే ఒక్క కేకెయ్యండి, నేనే వస్తా. వానలొస్తే మళ్లా నీళ్లు కప్పేస్తాయి. ఇంకో తూరి ఇంత తగ్గేదాకా నేనుంటానా?"

పిల్లలు కొంగల్ని వదిలేసి తలో దిక్కు పోయారు.

నాలుగింటికి సారు విజిల్ వేశాడు. అప్పుడు వినబడింది కేక.

"అవ్వా! దొరికింది!"

మంజుల, సాయి ప్రియ చున్నీలో వేసి చెరో కొస పట్టుకుని మోసుకొస్తున్నారు. మొహాలు కందిపోయాయి. దారిలో నీళ్లతో కడిగి మరీ తెచ్చి, ఆమె కాళ్ల ముందు దించారు.

"ఈ ఎండకు నువ్వేం నడుస్తావని మేమే తెచ్చినాం."

అందరూ చప్పట్లు కొట్టారు. రామసుబ్బమ్మ కూలబడి రాయిని తడిమింది.

"యాడ దొరికిందమ్మా?"

మంజుల చెయ్యి చాపింది. కనుచూపు మేర ఒకటే తీరు నెర్రెలిచ్చిన మట్టి.

"ఆడ... యాడనో ఆ పక్క. మళ్లా చూపించమంటే చెప్పలేమవ్వా. ఎందుకు?"

"ఊరికే అడిగినాలే. మీరు సల్లగుండాల. పోండి, బస్సు పోతాది."

తన మూడు నెలల బిడ్డను పూడ్చినప్పుడు నక్కలు తవ్వకుండా పైన పెట్టిన ఆ రాతిచెక్క తప్ప, ఆ చోటుకు వేరే గుర్తు లేదు.