మంత్రగత్తె గొంతు

ఇపో ఊళ్లో మా తెలుగు సంఘం హాల్లో పిల్లలకు రష్యా జానపద కథ సినిమా వేశాం. తెలుగు గొంతులిచ్చింది మేమే. మంత్రగత్తెకు మాత్రం ఎవరి గొంతూ కుదరలేదు. ఇంట్లో అమ్మ నన్ను తిడుతుంటే దొంగతనంగా ఫోన్లో రికార్డు చేసి, ఆ తిట్లే మంత్రగత్తె నోటికి అతికించాను.

అమ్మ రాదనుకున్నాను. తీరా చూస్తే ముందు వరసలో కూర్చుంది.

తెర మీద కోడికాళ్లపై నిలబడ్డ మంత్రగత్తె గుడిసె గిర్రున తిరిగింది. తలుపు తెరుచుకుంది.

"ఒలే, యెక్కడ సచ్చినావే? రా, నీ పని సెప్తాను!"

గుడిసె ముందున్న పిల్ల భయంతో ఏడ్చింది. హాల్లో పిల్లలు కెవ్వుమన్నారు.

"ఏటి సీతక్కా, అచ్చం నీ గొంతే గదా!" పక్కనున్న విజయరాణి పకపకా నవ్వింది.

అమ్మ నవ్వలేదు. నలుగురిలో ఆవిడ పరువు తీశాను, ఇక నన్ను ఈ సంఘం గడప తొక్కనివ్వదు.

సినిమా అయ్యాక మోటార్‌సైకిల్ దగ్గర అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సెప్పకుండా తీసినాను. తప్పేనమ్మా."

"నా గొంతు సంగతి ఒగ్గెయ్యే. ఆ బయపడిపోతన్న పిల్ల గొంతు నీదే కదా?"

"అవునమ్మా."

"అంత బాగా బయపడ్డం ఎవులు నేర్పినారే నీకు?"

తన పిడికిలి వైపు చూసుకుని అమ్మ మెల్లగా నా చెయ్యి వదిలేసింది.