బెల్లం, శొంఠి, పావుకిలో కార్జం

హసన్‌పర్తిలో చికెన్ సెంటర్ ముందు నిలబడ్డ పాండురంగం హెల్మెట్ తీయలేదు.

"సేటూ, జర నెత్తి మీది టోపీ తియ్యి, నువ్వేమంటానవో ఇనవడ్తలేదు," అన్నాడు కత్తి నూరుతున్న మహిపాల్. "కోళ్లేమన్న ఎగిరొచ్చి గుద్దుతయా?"

"పావుకిలో కార్జం, పావుకిలో కందనకాయలు," పాండురంగం హెల్మెట్ లోపలినుంచే మళ్లీ చెప్పాడు. "సన్నగ కొట్టు. నల్ల కవర్ల వెట్టు. దాని మీద ఇంకో కవరు."

"జర అల్లం ఎల్లిగడ్డ ఎక్కువెయ్యి సేటూ, కార్జం మస్తుంటది."

పాండురంగం బుద్ధిగా తలూపాడు. వాళ్లింట్లో కోడిగుడ్డు కూడా ఏనాడూ గడప దాటి లోపలికి రాలేదు. అలాంటి మనిషి ఇన్నేళ్లొచ్చాక కార్జానికీ కందనకాయకూ తేడా నేర్చుకున్నాడు. ఈ విద్య ముందే వచ్చి ఉంటే ఎంత ఎత్తుకు ఎదిగేవాడినోనని తనమీద తనకే నవ్వొచ్చింది. హన్మకొండ చౌరస్తాలో ఆయన దుకాణం తెలియనివాళ్లు లేరు. అంతమందికి తెలియడమే ఇప్పుడు పీకలమీదికి తెచ్చింది. అందుకే ఊళ్లో ఇన్ని చికెన్ సెంటర్లుండగా ఇంతదూరం రావడం.

ఇదంతా ఇంట్లో ఉన్న రెండు పిల్లుల పుణ్యం. పసుపురంగుది బెల్లం, బూడిదరంగుది శొంఠి. రెండూ కళ్లు తెరిచినప్పటి నుంచి పిల్లులకని ప్యాకెట్లలో వచ్చే పొడి గింజలు తినే పెరిగాయి. వానాకాలం మొదలైనప్పటి నుంచి శొంఠి తిన్నది తిన్నట్టే కక్కడం మొదలుపెట్టింది. బెల్లం వీపు నిమిరితే బొచ్చు చేతికే ఊడివచ్చేది. పాండురంగం రెండింటినీ బుట్టలో పెట్టుకుని ములుగు దాకా వెళ్లి పశువుల డాక్టరుకు చూపించాడు. హన్మకొండలో డాక్టర్లు లేక కాదు, ఉన్నవాళ్లందరూ తనను ఎరిగినవాళ్లే.

"వీటికి గింజలు పడ్తలేవు," అన్నాడా డాక్టరు. "మెల్లమెల్లగ పచ్చి మాంసం అలవాటు చెయ్యండి."

మొదట్లో గింజల మీద నాలుగు ముక్కలు వేసి చూశాడు. పిల్లులు ముక్కలు ఏరుకుతిని గింజలు వదిలేశాయి. ఇంకొన్నాళ్లకు గింజల వాసన తగిలితే చాలు, బెల్లం గిన్నెను కాలితో తన్ని బోర్లించేది. శొంఠి అంత గొడవ చేసేది కాదు. పాండురంగం మొహంలోకి ఒక్క చూపు చూసి, వీపు తిప్పి కూర్చునేది. ఆ చూపు ఆయనకు బాగా గుచ్చుకుంది. కానీ వాంతులు ఆగాయి. బొచ్చు నిగనిగలాడింది. శొంఠి మళ్లీ పెరటిగోడ ఎక్కిన రోజున పాండురంగం సంతోషం పట్టలేక కళ్లు తుడుచుకున్నాడు.

భార్య రాజేశ్వరి మాత్రం పిల్లుల గిన్నె పెరడు దాటి రాకుండా కాపలా కాసేది.

"ఇంట గెలిచి రచ్చ గెలువాలంటరు," అంది ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. "మీరేమో ఇంట్ల పిల్లుల్నే గెలువకపోతిరి. ఎవలన్న చూస్తే మన దుకాణం మెట్లెక్కుతరా మళ్ల?"

"ఎవలు చూస్తరు? హెల్మెట్ పెట్టుకుంటాన గదా."

మహిపాల్ కవరు అందిస్తుండగా పక్కన స్కూటీ ఆగింది.

"రంగన్నా, నువ్వేనా?"

తలకు హెల్మెట్ పెట్టిన పెద్దమనిషికి, బండి వెనక తన పేరు రాయించుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇంత తెలివి ఎక్కడ దాచుకోవాలో తెలియక హెల్మెట్ తీశాడు.

వచ్చినవాడు రామలింగం, కులసంఘం పెద్ద. మనవరాలిని కాలేజీలో దింపి వస్తున్నాడు. ఆయన చెవిన పడ్డ మాట సాయంత్రానికల్లా బజారంతా తిరిగి వస్తుంది. ఈ నవరాత్రుల్లో అమ్మవారి పూజకు పాండురంగం దంపతులనే పీటల మీద కూర్చోబెట్టాలని పట్టుబట్టినవాడు కూడా ఆయనే. పాండురంగం ఏళ్లుగా ఎదురుచూసిన గౌరవం అది.

రామలింగం కవరు వంక చూశాడు. మొహం మాడిపోయింది. అంతలోనే తేరుకున్నాడు.

"పిల్లులకు గావచ్చు. నేనేందో అనుకున్న. వాటి పుట్టుకే మాంసం తినే పుట్టుకాయె, ఇందుల తప్పేమున్నది? ఫికర్ జెయ్యకు. మా మనవరాలికి గూడ చెప్త, దాని పిల్లికి సుత ఇదే వెట్టుమని. మన వాళ్లందరికీ చెప్త."

దారి దానంతటదే తెరుచుకుంది. తల ఊపితే చాలు. పీట దక్కుతుంది, కులంలో మర్యాద దక్కుతుంది. పాండురంగం కవరును గబుక్కున దగ్గరికి లాక్కున్నాడు.

"పిల్లులకు కాదన్నా," అన్నాడు. "నాకే."

"ఏందీ?"

"నేనే తింటాన. చాన రోజుల సంది. అలవాటైంది."

"నేను చెప్పలేదా, కార్జం మస్తుంటదని," అన్నాడు మహిపాల్ మధ్యలో.

రామలింగం స్కూటీని రెండడుగులు వెనక్కి జరిపాడు. "ఇగ పీటల మీద నిన్నెట్ల కూసోవెడ్తం రంగన్నా?" అని నెమ్మదిగా అడిగాడు.

"వద్దన్నా. ఇంకెవలినన్న చూసుకోర్రి. పిల్లుల ముచ్చట మాత్రం ఎక్కడ తియ్యకు. అవి గింజలే తింటయ్."

స్కూటీ వెళ్లిపోయింది. పాండురంగం సిగ్గుతో చితికిపోయాడు. అమ్మవారి పీట చేజారినందుకు నిజంగానే ఏడుపొచ్చింది. రాజేశ్వరికి ఈ మాట ఎలా చెప్పాలో తోచలేదు. అయినా పెద్ద గండం గడిచిందన్న ధీమాతోనే బండి స్టార్ట్ చేశాడు.

ఇంటికెళ్లి పిల్లులకు కార్జం పెట్టి, తలస్నానం చేసి, చౌరస్తాలో దుకాణం షట్టర్ ఎత్తేసరికి, పైన బోర్డు మీద బెల్లం, శొంఠి ఫోటోల కింద ఆయన ఏరికోరి రాయించిన మాటలు ఎండకు తళతళలాడుతున్నాయి: 'మీ పిల్లులకు పచ్చి మాంసం మానిపించండి, మా పొడి గింజలే పెట్టండి, మా ఇంటి పిల్లులే సాక్ష్యం.'