సముద్రం గీసే పెట్టె

మా పేటలో ప్రతి ఇంట్లోనూ ఒక పెట్టె ఉంది. ఎక్కడో నగరంలో కలిగినవాళ్ల గోడల మీద కదిలే సముద్రం బొమ్మలను లెక్కకట్టి గీసేది అదే. చల్లటి సముద్రం వాళ్లకి, పెట్టె వేడి మాకు. ఇళ్లూ వాళ్లవే, పెట్టె ఆపితే ఖాళీ చేయాలి.

రోహిణి కార్తె ఎండకు సువార్తమ్మ మనవరాలి ఒళ్లంతా చెమటకాయలు. పిల్ల ఏడుపు ఆపడం లేదు. సువార్తమ్మ పెట్టె ఆపేసింది. వెంటనే ఫోను మోగింది, ఇంటి యజమాని.

"ఏమ్మా, మా హాల్లో సముద్రం పోయింది! ఇంటినిండా చుట్టాలు!"

"పిల్ల పడుకుంటందయ్యా. లేచాక పెడతాలే నీ సముద్రం."

"రేపే ఇల్లు ఖాళీ చేయిస్తా!"

పక్కింటి దీనమ్మ గుమ్మంలోంచి ఫోనులో ఆ కేకలు వింది.

"నిన్నొక్కదాన్నయితే ఎళ్లగొడతారత్తా. పేటంతటినీ ఎట్టా ఎళ్లగొడతారు?" అంటూ తన పెట్టె కూడా ఆపింది. అది చూసి పేట పేటంతా ఆపేసింది.

ఆ మధ్యాహ్నం నగరంలో గోడలు ఉత్త గోడల్లాగే ఉన్నాయి. పిల్ల నిద్రపోయింది.